కొట్టు కట్టేసే వేళ

ఈమధ్య మా విజయవాడ సత్యనారాయణపురంలో ఎవర్ని పలకరించినా ఒకటే మాట, స్ట్రెస్సు. పాలు పోసే అబ్బాయికి స్ట్రెస్సు, ప్లీడరుగారికి స్ట్రెస్సు, ఎల్‌కేజీ పిల్లాడికి స్ట్రెస్సు. మొన్న పక్క ఫ్లాటువాళ్ల కుక్క అన్నం ముట్టడం లేదని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, దానికీ అదే అన్నాడట. మా రోజుల్లో కుక్కలకు ఆకలి తప్ప మరో జబ్బు ఉండేది కాదు.

మా మనవరాలు సాఫ్ట్‌వేరు. ఉద్యోగం మా ఇంటి ముందుగదిలో, యజమాని అమెరికాలో. మేం పక్కలు దులుపుకునే వేళకు వాళ్లకి అక్కడ తెల్లవారుతుంది. ఇక మొదలు, మీటింగు మీద మీటింగు. పిల్ల చేతికి ఒక గడియారం ఉంది. టైము ఎంతయిందో చెప్పడం దానికి చిన్నతనం కాబోలు, పెత్తనం మాత్రం చేస్తుంది. గంట నుంచీ కదల్లేదు లెమ్మంటుంది, ఊపిరి పీల్చుకోమంటుంది. నీళ్లు ఎంత తాగాలో గీతలు గీసి చెప్పే సీసా ఒకటి. నిద్రపట్టడానికి వాన చప్పుడు వినిపించే యాప్ ఒకటి. పోయిన శ్రావణంలో బయట కుండపోతగా వాన పడుతుంటే, ఈ పిల్ల తలుపులు బిడాయించి, ఏసీ వేసుకుని, ఫోన్లో వాన వింటూ పడుకుంది. “ఇదేం చోద్యమే?” అంటే, “సెల్ఫ్‌కేర్ తాతయ్యా” అంది.

మేమేదో ఉక్కుముక్కలమనీ, ఇప్పటి పిల్లలు మెతకవాళ్లనీ అనను. అలా అనేవాళ్లు మా వాకింగు బృందంలోనే నలుగురున్నారు, నలుగురూ బీపీ బిళ్లలు మింగుతారు. మాకు ఈ సరంజామా అక్కర్లేకపోవడానికి కారణం ఒకటే. మా రోజుల్లో ప్రతిదానికీ కట్టేసే వేళంటూ ఒకటుండేది. ఇప్పుడు దేనికీ లేదు.

నేను ఉద్యోగమంతా కాలువల శాఖలో గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి కాబట్టి కాలువ సంగతే ముందు చెబుతాను. మన విజయవాడ నడుమ నుంచి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ పోతాయి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట నాటి నుంచీ, ఆ తర్వాత 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ దాకా, డెల్టా బతుకంతా ఆ నీళ్ల మీదే. జూన్‌లో నీళ్లు వదిలితే ఇక ఊళ్లలో మనిషికి ఊపిరి సలిపేది కాదు. నారుమళ్లు, ఊడ్పులు, కలుపులు, కోతలు, కుప్పనూర్పిళ్లు. పొలం నుంచి వచ్చినవాడు కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చునే కునికిపాట్లు పడేవాడు. ఎవరూ సుఖపడిపోలేదు.

అయితే ఎండలు ముదిరేసరికి కాలువలు కట్టేసేవారు. అది అందరికీ తెలిసిన గడువు. లస్కర్లు షట్టర్లకు గ్రీజు పూసుకునేవారు. లాకు తలుపులు బాగుచేసేవారు, పూడిక తీసేవారు, గుర్రపుడెక్క లాగి గట్టున పోసేవారు. నీళ్లు లేని కాలువ అడుగు పిల్లలకు క్రికెట్ గ్రౌండు. అక్కడక్కడా మిగిలిన మడుగుల్లో కొర్రమీను కోసం మోకాలి లోతు బురదలో పెద్దవాళ్లు సైతం పిల్లలతో పోటీపడేవారు. రైతు ఆ రోజుల్లోనే తాటాకిల్లు నేయించుకునేవాడు, పిల్ల పెళ్లి చేసేవాడు, వేపచెట్టు కింద నులక మంచం వాల్చి మధ్యాహ్నమంతా పడుకునేవాడు. ఎందుకు పడుకున్నావని అడిగే నాథుడు లేడు, ఎందుకంటే అడగాల్సినవాడు పక్క మంచం మీద పడుకుని ఉండేవాడు. మా శాఖలో ఏ ఇంజనీరూ కాలువ ఎండిపోయిందని కంగారు పడలేదు. పన్నెండు నెలలూ పారితే పూడిక తీసే వీలుండదు, గట్టు నానిపోతుంది, చివరికి ఎక్కడో గండి పడుతుంది. మనిషి సంగతీ అంతే.

ఇప్పుడు కైకలూరు, ముదినేపల్లి వైపు వెళ్లి చూడండి. వరిచేలు చెరువులయ్యాయి. వరి రాత్రిపూట రైతును పిలిచేది కాదు, రొయ్య పిలుస్తుంది. పగలు చెరువు నీళ్లలో ఉండే పచ్చటి నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే ఆ నాచే దాన్ని తిరిగి పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయా, లక్షల పెట్టుబడి తెల్లారేసరికి తేలుతుంది. అందుకని గట్టుమీద రేకుల షెడ్డు, పక్కన డీజిల్ జనరేటరు, మంచం మీద సగం కన్ను తెరుచుకుని ఒక మనిషి. మా మేనల్లుడు ఆ మనిషే. మొన్న గుడివాడలో పెళ్లికొచ్చాడు. పంక్తిలో నా పక్కనే కూర్చున్నాడు. పప్పన్నం కలుపుతూ ఎడమచేత్తో ఫోన్ చూశాడు, గుత్తివంకాయ వడ్డించేలోపు మళ్లీ చూశాడు. సాంబారు బకెట్టు మా దగ్గరికి వచ్చేసరికి విస్తరి మడిచి లేచాడు. “లైనులో కరెంటు పోయిందట మావయ్యా” అని చెయ్యి కడుక్కోకుండానే బండెక్కాడు. వాడి తాత దాళ్వా ఎండినప్పుడు బాధపడ్డాడు, పంట మునిగినప్పుడు ఏడ్చాడు. అయినా మేనకోడలి పెళ్లిలో పెరుగన్నం దాకా కూర్చున్నాడు.

పొలాలే కాదు, ఊళ్లోనూ అంతే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రోజుకు మూడు విడతలుగా ప్రసారాలు. పొద్దున్నే భక్తిరంజని, తర్వాత వార్తలు, కాసేపటికి మూసేవారు. మళ్లీ మధ్యాహ్నం, మళ్లీ సాయంత్రం. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీగారు రామాయణమో భారతమో చెబుతుంటే వీధిలో రిక్షా చక్రం తిరిగేది కాదు. రాత్రి పదకొండు దాటితే రేడియో కూడా నోరుమూసుకుని పడుకునేది. దాని తర్వాత వినడానికి చిమ్మెటలు తప్ప ఏమీ లేవు కాబట్టి మనమూ పడుకునేవాళ్లం. ఇప్పటి ఫోనుకు ఆ మర్యాద లేదు. ఒక రీలు అయ్యీ అవకముందే మరొకటి వచ్చి ఒళ్లో కూర్చుంటుంది.

గవర్నర్‌పేటలో కొట్టు కట్టేసే వేళకు కుర్రాడు చెక్కపలకలు ఒక్కొక్కటే వరస నంబరు చూసి దించేవాడు. శెట్టిగారు గల్లాపెట్టె లెక్క చూసి, దీపానికి దండం పెట్టి, తాళం మూడుసార్లు గుంజి చూసేవారు. ఆ తాళం పడ్డాక ఎంత పెద్ద ఖాతాదారు వచ్చినా రేపు రమ్మనేవారు. ఖాతాదారు కూడా అలగకుండా వెళ్లిపోయేవాడు. 1911లో పెట్టిన రామమోహన గ్రంథాలయంలో కూర్చుని పత్రికలు చదివే మా బోటివాళ్లను కూడా వేళయితే లేపేసేవారు. కాలువల మీద పడవలు నడిచిన కాలంలో ఇంకా నిదానం. 1935లో పాతూరి నాగభూషణంగారి పూనికతో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవలో గ్రంథాలయమే నడిచింది. ఆ పడవ వేగానికి పుస్తకం చదువుకోవడం కన్నా చేసే పనేముంటుంది?

ఇక సెలవు సంగతి. ఆదివారం ఆకాశం నుంచి ఊడిపడలేదు. బొంబాయి మిల్లు కూలీల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే 1890లో దక్కిన వారపు సెలవది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదంది. మధ్యలో అరగంట విరామం ఇవ్వకుండా ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించకూడదని కూడా రాశారు. యంత్రం ముందు నిలబడ్డ మనిషి ఎంతసేపటికి అలుస్తాడో ఆ రాసినవాళ్లకు తెలుసు. ఇప్పుడేమో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు యువకులు వారానికి 70 గంటలు చెయ్యాలని 2023లో అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి 90కి పెంచి, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారని అడిగారు. ఆ వార్త విని మా ఆవిడ, “ఆయన భార్యను కూడా ఒక మాట అడగాల్సింది” అని చిక్కుడుకాయలు తుంపుతూ కూర్చుంది. అదే ఏడు జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. విరామానికి ముందు పనిచేసే 5 గంటల్ని 6 చేసింది. గంటే కదా అంటారు. పనిచేసేవాడికి ఆ గంట చివర్లో వస్తుంది, మొదట్లో కాదు.

పెద్దవాళ్లు ఏదో పడతారు, పిల్లల సంగతి? మన ఊరి చుట్టూ ఉన్న ఇంటర్మీడియెట్ హాస్టళ్లలో కోడి కూయకముందే లేపి, రాత్రి పదిన్నర దాకా పుస్తకాల ముందు కూర్చోబెడతారు. ఆదివారం పరీక్ష. ఆటల పీరియడు కాగితం మీద ఉంటుంది. పదహారేళ్ల పిల్లాడు ఇంటికొచ్చి మొదట అడిగేది తిండి కాదు, “కాసేపు పడుకోవచ్చా అమ్మా” అని. మా రోజుల్లో ఆ వయసువాణ్ణి నిద్రలేపడానికే చెంబుడు నీళ్లు పట్టేవి.

మా ఆదివారం ఎలా ఉండేదో ఒకటి చెబుతాను. పొద్దున్నే పెరట్లో పీట వేసేవారు. మా నాయనమ్మ గోరువెచ్చని నువ్వుల నూనె మాడు మీద పోసి, అరచేత్తో తబలా వాయించినట్టు వాయించేది. చెవుల వెనక, మెడ నరాల దగ్గర, భుజాల మీద బొటనవేళ్లతో నొక్కి నొక్కి రుద్దేది. సున్నిపిండి నలుగు పెట్టేది. ఆనక రాతి మీద చితక్కొట్టి వేణ్నీళ్లలో పిసికిన కుంకుడు రసం. అది కళ్లలో పడితే కేకలు. కేక పెట్టిన నోట్లోనే ఒక ఉప్పుకల్లు పడేసేవారు, మంట తగ్గుతుందని. కళ్లలో మంటకు నోట్లో ఉప్పేమిటో నాకిప్పటికీ తెలియదు, కేకలు మాత్రం ఆగేవి. తల తుడిచి సాంబ్రాణి పొగ వేసి, ముద్దపప్పూ నెయ్యీ వేసి అన్నం పెడితే, ఆ మధ్యాహ్నం నిద్రకు ఏ యాపూ సాటిరాదు. ఇప్పుడు అదే పని బందరు రోడ్డు మీద చల్లటి గదిలో చేసి వేల రూపాయలు పుచ్చుకుంటున్నారు. ఉప్పుకల్లు కూడా ఇవ్వరు.

ఈ ముక్క నేను నలుగురిలో చెబుతుంటే మా ఆవిడ అడ్డం తగిలింది. “ఆ నీళ్లు ఎవరు కాచారు? ఆ కుంకుళ్లు ఎవరు కొట్టారు? ఇంటిల్లిపాదికీ తలంట్లు పోసి, వండి, వడ్డించి, అంట్లు తోమేసరికి మీ నాయనమ్మకు పొద్దుగూకేది. కాలువలు కట్టేస్తే మీకు సెలవు. మాకు ఆవకాయలూ, అప్పడాలూ, వడియాలూ, సెలవులకొచ్చిన ఆడపడుచులూ. మా కాలువ ఎప్పుడు కట్టేశారు?” అంది. నలుగురూ నా వంక చూశారు. మూడు వంతుల నిజానికి నాలుగో వంతు కూడా కలిపి చెప్పింది.

ఇంకొకటి కూడా ఉంది. మనసు విరిగిపోయినవాళ్లు అప్పుడూ ఉండేవారు, పేరే లేదు. మగాడైతే నరాల బలహీనత అనేవారు, ఆడమనిషయితే గాలి సోకిందనేవారు. ఒకరికి తాగుడు, ఇంకొకరికి పేకాట, వేరొకరికి తాయెత్తు. చెప్పుకోలేక లోపల్లోపలే కుమిలినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ విషయంలో నా మనవరాలి తరమే నయం. ఒంటికి జ్వరమని చెప్పినంత సులువుగా మనసు బాగోలేదని చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో బర్నవుట్ అనేదాన్ని పని వల్ల వచ్చే సమస్యగా రాసుకుంది. ఒంట్లో సత్తువ అయిపోవడం, చేసే పని మీద ఏవగింపు, ఎంత చేసినా ఏమీ చేయలేదనే దిగులు, ఈ మూడూ దాని లక్షణాలట. అది పనిలోంచి పుట్టింది కాబట్టి మందు కూడా కొంత పనిలోనే వెతకాలి. కొవ్వొత్తులు వెలిగించుకుని, ముఖానికి మట్టి పూసుకుని కూర్చున్నంత మాత్రాన అర్ధరాత్రి మీటింగు ఆగదు.

కృష్ణ కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజుగారి ప్రకృతి వైద్య ఆశ్రమానికి జనం డబ్బు కట్టి మరీ వెళ్లి, ఉప్పులేని తిండి తిని వస్తారు. వచ్చినవాళ్లందరూ ప్రాణం లేచొచ్చిందంటారు. తిండి మహిమ ఎంతో నాకు తెలియదు గానీ, ఇంతకు లేవాలి, ఇంతకు తినాలి, ఇంతకు దీపం ఆర్పాలి అనే కట్టుబాటు మహిమ చాలానే ఉంటుంది. ఒకప్పుడు ఊరంతటికీ ఊరికే దొరికిన కట్టుబాటది. ఊరు మనకోసం కొట్టు కట్టేయడం మానేసింది కాబట్టి, ఎవరి కొట్టు వాళ్లే కట్టేసుకోవాలి.

మొదట నిద్ర. పెద్దవాళ్లకు రాత్రికి 7 గంటలైనా కావాలని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. ఫోను పడకగదిలో కాకుండా వంటింట్లో పడుకోవాలి. లేపడానికి అలారం కావాలంటే పాత గంట గడియారం కొనుక్కోండి, అది మీకు సినిమా చూపించదు. సాయంత్రం కాఫీ మానాలి. నాలుగింటికి తాగిన కాఫీలో సగం సరుకు ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే తిరుగుతుంటుంది. రాత్రి పనిచేసేవాళ్లు పగలు గది చీకటి చేసుకుని, ఇంట్లోవాళ్లకు చెప్పి, ఆ వేళను తెల్లారుజాము నిద్రంత భద్రంగా కాపాడుకోవాలి. మా ఇంట్లో పొద్దున తొమ్మిది దాకా మిక్సీ వెయ్యం.

రెండోది నడక. రోజుకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు అవుతాయి. రాఘవయ్య పార్కుకు వెళ్తారో, కాలువ గట్టు ఎక్కుతారో మీ ఇష్టం. చెవుల్లో ఆ బిరడాలు మాత్రం తీసేయండి. ఊపిరి సంగతికొస్తే, గడియారం చెప్పింది నిజమే. పీల్చినదానికన్నా నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. అయితే అందుకు గడియారం అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు.

మూడోది మనుషులు. అరుగులు పడగొట్టి కార్లకు షెడ్లు కట్టాక, పక్కింటివాడి పేరు కొరియరువాడు చెబితే గానీ తెలియడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది కదా. మా చెల్లెలు వాళ్లది రెండో అంతస్తు. కరెంటు లేదు, ఫోన్లు చచ్చాయి. కింది ఇళ్లవాళ్లు సామాన్లు వదిలేసి పైకొచ్చారు. ఉన్న ఒక్క గ్యాసుబండ మీద అందరికీ గంజి కాచారు. చీకట్లో మెట్ల మీద కూర్చుని ఎవరి గోడు వాళ్లు వెళ్లబోసుకున్నారు. నీళ్లు తీసి, బురద కడిగి, పాడైన ఫ్రిజ్జులు బయట పడేశాక కూడా ఆ సాయంత్రపు కూటమి ఆగలేదు. వరద తెచ్చిన నష్టం ఇంకా తీరలేదు గానీ, ఆ మెట్ల వల్లే మతి పోకుండా నిలబడ్డానంటుంది మా చెల్లెలు. మెట్ల మీద కూర్చోవడానికి మళ్లీ వరద రానక్కర్లేదు.

నాలుగోది కష్టం. “ఈ వేళ దాటితే నేను దొరకను” అని పై అధికారికి చెప్పడం. అందరికీ సాధ్యం కాదని తెలుసు. రొయ్యల చెరువుకు చెప్పలేం. కానీ చెప్పగలిగి కూడా భయపడి చెప్పనివాళ్లు చాలామంది. మా మనవరాలు నెల తటపటాయించి, రాత్రి ఒంటిగంట తర్వాత మీటింగులు పెట్టొద్దని రాసింది. ఉద్యోగం ఊడుతుందనుకుంది. అవతలివాడు సరే అన్నాడట, అతనికి ఇక్కడ అంత రాత్రవుతోందన్న సంగతే తట్టలేదట. మేనల్లుడు కూడా మరో ఇద్దరు రైతులతో కలిసి వంతులవారీగా రాత్రి కాపలా పెట్టుకున్నాడు. మూడు రాత్రుల్లో రెండు ఇంట్లో పడుకుంటున్నాడు.

ఇవన్నీ రోజువారీ అలసటకు. రెండు వారాలైనా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు లేకపోయినా, బతకడం దండగ అనిపించినా, నూనెతోనూ నడకతోనూ సరిపెట్టుకోకండి. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. ప్రపంచంలో ఎప్పటికీ కట్టేయకూడని కొట్టు ఏదైనా ఉంటే అదొక్కటే.

ఇంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. సాంతం విని, “బాగుంది. ఇకనుంచి ఆదివారం సాయంత్రం వంటిల్లు కట్టేస్తున్నాను” అని చీర కుచ్చిళ్లు సర్దుకుని టీవీ ముందు కూర్చుంది. సరదాకి అందనుకున్నాను. ఎనిమిదైనా లేవలేదు. మనవరాలూ నేనూ కలిసి ఉప్మా చేశాం. రవ్వ వేయించకుండా పోశాం కాబోలు, ఉండలు కట్టింది. ప్లేటు చేతికిస్తే ఒక స్పూను నోట్లో పెట్టుకుని, “ఉప్పు తక్కువైంది, తాలింపు మాడింది” అని, మొత్తం తినేసి, ప్లేటు నా చేతికే ఇచ్చింది. మా రోజుల్లో ఉప్మాకు వంకపెట్టే హక్కు మగాళ్లకు మాత్రమే ఉండేది.